పైనున్నవాడు ‘ఆపు’ అంటే ఆపండి

బెంగళూరులో కచేరీలు పెట్టే ఆర్గనైజర్లకు, షో నడిపించే ప్రొడక్షన్ మేనేజర్లకు, గ్రౌండ్లు అద్దెకిచ్చే యజమానులకు నమస్కారం.

నేను రిగ్గర్ని. మీ షోలో లైట్లు, స్పీకర్లు, ఎల్ఈడీ తెరలు వేలాడే ట్రస్సుల్ని, అంటే లోహపు దూలాల్ని, పైకి లేపి కట్టే పని నాది. మాది కదిరి దగ్గర పల్లె. 9 ఏళ్ళ కిందట పెళ్ళిళ్ళకు షామియానాలు వేసే మా మామ వెంట యశ్వంత్‌పూర్‌లో దిగాను. మొదటి రెండేళ్ళు లారీల్లోంచి కేసులు, అంటే సామాను పెట్టెలు, దింపి తోయడం, కేబుళ్ళు లాగడం, తెల్లారి మళ్ళీ చుట్టడం, అంతే. తర్వాత ఒక సీనియర్ నాకు హార్నెస్, అంటే పడకుండా ఒంటికి బిగించే పట్టీలు, తొడిగి పైకెక్కించాడు. ఇప్పుడు నా కింద ఆరుగురు కుర్రాళ్ళు పనిచేస్తారు. అందరూ మన వాళ్ళే, కదిరి, పుంగనూరు, హిందూపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు.

కూలి గురించి ఇంకోసారి మాట్లాడతాను. ఇవాళ ఒకే ఒక్క మాట గురించి రాస్తున్నాను. ‘ఆపు’ అనే మాట గురించి.

పోయిన మే నెలలో ఊరి శివార్లలో ఒక ఓపెన్ గ్రౌండ్ షో. ఎవరిదో, ఎక్కడో చెప్పను. ఒక్కరిని వేలెత్తి చూపిస్తే మిగతావాళ్ళు ‘మేం అలా కాదులే’ అని ఊపిరి పీల్చుకుంటారు, నాకది ఇష్టం లేదు. సాయంత్రం నాలుగు గంటలు. మెయిన్ ట్రస్ 24 అడుగుల ఎత్తులో ఆగి ఉంది, వెనక 40 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు ఎల్ఈడీ వాల్ లేచి ఉంది. మా చిన్నాన్న కొడుకు, 22 ఏళ్ళవాడు, ట్రస్ మీద కూర్చుని ఒక కేబుల్ సర్దుతున్నాడు. బెంగళూరులో వేసవి సాయంత్రాలు ఎలా ఉంటాయో మీకూ తెలుసు. మధ్యాహ్నమంతా ఉక్కపోత, నాలుగింటికి పడమట నల్లగా మబ్బు, ముందు దుమ్ము, దాని వెనకే గాలి, ఆ వెనక వాన. మామిడి కాయలు రాలే గాలి అని మా ఊళ్ళో అంటారు. దుమ్ము లేవడం చూసి నేను వాకీటాకీలో మేనేజర్‌ని అడిగాను, వాల్ దింపేద్దాం సార్, తమ్ముణ్ణి కూడా కిందికి పిలుస్తాను అని.

‘ఆర్టిస్ట్ సౌండ్‌చెక్‌కు బయల్దేరారు. ఇప్పుడు వాల్ దింపితే మళ్ళీ లేపడానికి గంటన్నర. పది నిమిషాలు చూద్దాం’ అన్నారు.

ఆ పది నిమిషాల్లో ఏమైందో చెప్పే ముందు నా తప్పు చెప్పాలి. నేను రెండోసారి అడగలేదు. అంతకు ముందు సంవత్సరం ఇంకో కంపెనీలో ఒక సీనియర్ ఇలాగే గట్టిగా పట్టుబట్టి పని ఆపించాడు, ఆ రోజు గాలి రాలేదు, షో గంట ఆలస్యమైంది. ఆ తర్వాత అతనికి ఫోన్ రాలేదు. ఎవరూ తిట్టలేదు, తీసేశామనీ చెప్పలేదు, కాల్ రావడం ఆగిపోయింది, అంతే. మా పనిలో ఉద్యోగం పోవడమంటే అదే. అది నా బుర్రలో ఉంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, స్కూలు ఫీజు, రూము అద్దె. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

గాలి ఒక్క తోపు తోసింది. వెనక గుడ్డ తెర పడవ తెరచాపలా ఉబ్బింది, ఎడమ టవర్‌ను పట్టి ఉంచే రాట్చెట్ బెల్ట్ జారింది, టవర్ జానెడు వాలి మళ్ళీ నిలబడింది. జానెడే. కానీ ఆ జానెడు కుదుపుకు పైనున్న వాడి పట్టు తప్పింది. హార్నెస్‌ను ట్రస్‌కు తగిలించే తాడుకు, లాన్యార్డ్ అంటాం, దానికి వేలాడాడు. హార్నెస్ వేసుకున్నాడు కాబట్టి, ట్రస్ 24 అడుగుల మీద ఉంది కాబట్టి బతికాడు. ఇక్కడ మీలో చాలామందికి తెలియని లెక్క ఒకటి ఉంది. లాన్యార్డ్ పొడవు 2 మీటర్లు. పడ్డప్పుడు దానికున్న షాక్ అబ్జార్బర్ విడిపోయి ఇంకో 1.75 మీటర్ల వరకు సాగుతుంది. దానికి మనిషి పొడవు కలపండి, కాస్త అదనపు ఖాళీ కలపండి, 20 అడుగుల పైనే అవుతుంది. అంటే కాళ్ళ దగ్గర హుక్ తగిలించుకున్నవాడు 16 అడుగుల ట్రస్ మీంచి పడితే, హార్నెస్ ఉన్నా సరే, అది పట్టుకునేలోపే నేల తగులుతుంది. ‘హార్నెస్ ఇచ్చాం కదా’ అని మీరు అన్నప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

వాణ్ణి కిందికి దించడానికి 19 నిమిషాలు పట్టింది. మనుషుల్ని పైకి చేర్చే బండిని, బూమ్ లిఫ్ట్‌ను, పొద్దున్నే వెనక్కి పంపేశారు, ఇంకో రోజు అద్దె ఎందుకని. రెస్క్యూ కిట్ లేదు. నేనూ ఇంకొకడూ టవర్ ఎక్కి, తాడు వేసి, వాడి బరువంతా భుజాల మీద తీసుకుని దించాం. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోతుంది, నిమిషాల్లోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. అందుకని కింద నుంచి అరుస్తూనే ఉన్నాం, కాళ్ళాడించరా, సైకిలు తొక్కినట్టు ఆడించరా అని. వాడు ఆడించాడు. మొదట్లో గట్టిగా, తర్వాత మెల్లగా, చివరికి ఒక్క కుడికాలు మాత్రమే. ఆ కుడికాలు నాకిప్పుడు కూడా కళ్ళ ముందు కదులుతుంది.

భుజం కీలు తప్పింది, కండరం తెగింది. షో గంట ఆలస్యంగా మొదలైంది. నేను కూడా షో అయ్యేదాకా ఉన్నాను, ఎందుకంటే ట్రస్సుల్ని లేపే మోటార్లు ఎక్కడ ఎలా కట్టామో నాకే తెలుసు. ప్రేక్షకులు ఫోన్ల లైట్లు వెలిగించి చేతులూపుతుంటే ఎంత అందంగా ఉందో. నిజంగానే అందంగా ఉంది. ఆ అందం కోసమే మేమూ ఈ పనిలో ఉన్నాం, అది మీకు తెలియాలి.

ఇక గాలి సంగతి. గాలి వేగం రెండింతలైతే దాని తోపు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ఇందాక చెప్పిన 40, 20 అడుగుల వాల్ తీసుకోండి. గంటకు 40 కిలోమీటర్ల గాలికి దాని మీద అర టన్ను పైగా తోపు పడుతుంది. అదే 80 కిలోమీటర్లు అయితే రెండు టన్నులు దాటుతుంది. బైక్ మీద ఔటర్ రింగ్ రోడ్డులో 40లో వెళ్తే చొక్కా ఎలా ఊగుతుందో, 80లో ఎలా లాగుతుందో తెలిసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. టవర్ కాళ్ళ దగ్గర పెట్టే వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు నిండా నింపితే టన్ను బరువు. సగం నింపితే అర టన్ను. ట్యాంకర్ ఆలస్యమైందని సగమే నింపి షో నడిపిన రోజులు నేను చూశాను. ట్యాంకు బయట నుంచి చూస్తే నిండుగానే కనిపిస్తుంది, చేత్తో కొట్టి చప్పుడు వింటే గానీ తెలియదు. నేనిప్పుడు ప్రతి ట్యాంకూ కొట్టి చూస్తాను.

2011 ఆగస్టు 13న అమెరికాలో, ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో ఇలాంటి గాలికే స్టేజి కప్పు మొత్తం జనం మీద కూలింది. ఏడుగురు చనిపోయారు, వాళ్ళలో పైన లైట్ల దగ్గర ఉన్న స్టేజి పనివాడు కూడా ఉన్నాడు. తర్వాత విచారణ చేసినవాళ్ళు రెండు సంగతులు తేల్చారు. ఒకటి, కప్పును పట్టి ఉంచే తాళ్ళు, వాటికి కింద పెట్టిన కాంక్రీటు దిమ్మెలు ఆ గాలికి చాలవు. రెండోది, షో ఆపే అధికారం ఎవరిదో అక్కడ స్పష్టంగా లేదు. మబ్బు వస్తోందని తెలుసు, మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఆ మాటల్లో ఉండగానే గాలి వచ్చేసింది. ఆ రెండోది చదివినప్పుడు నాకు నోట్లో తడి ఆరిపోయింది. మన ‘పది నిమిషాలు చూద్దాం’ అదే కదా.

ఆ మరుసటి ఏడు, 2012 జూన్ 16న, టొరంటోలో రేడియోహెడ్ బ్యాండు షోకు జనాన్ని లోపలికి వదలడానికి కాస్త ముందు స్టేజి కప్పు కూలి వాళ్ళ డ్రమ్ టెక్నీషియన్ చనిపోయాడు. అక్కడ గాలి లేదు, వాన లేదు. లెక్కల్లో తప్పు. మన దగ్గరైతే 2024 జనవరిలో హైదరాబాద్ శివార్లలో ఒక కంపెనీ వేడుకలో పైనుంచి దింపుతున్న బోను లాంటి వేదిక తెగిపడి ఆ కంపెనీ అధిపతే పోయారు. అంత పెద్ద మనిషికే రక్షణ లేకపోతే కేసులు తోసే కుర్రాడి సంగతేంటి?

2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయాక మీ మీటింగుల్లో గేట్ల గురించి, బారికేడ్ల గురించి చాలా మాట్లాడుతున్నారు. మాట్లాడాలి. ఆ పిల్లల ఫొటోలు చూసి మా రూములో ఆ రాత్రి ఎవరం అన్నం తినలేదు. కానీ జనం ఎటు నుంచి వస్తారో చూసినంత శ్రద్ధగా, జనం తల మీద ఏం వేలాడుతోందో, దాన్ని ఎవరు ఎన్ని గంటలు నిద్ర లేకుండా కట్టారో కూడా చూడండి.

నిద్ర సంగతి మీకు తెలియదని నేననుకోను, కానీ మా వైపు నుంచి ఒకసారి వినండి. గ్రౌండ్‌కు రోజు లెక్కన అద్దె కాబట్టి మీరు రోజులు తగ్గిస్తారు. పగటి పూట పెద్ద లారీలకు ఊళ్ళోకి అనుమతి ఉండదు కాబట్టి సామాను అర్ధరాత్రి వస్తుంది. రాత్రి పదికి సౌండ్ ఆపేయాలి కాబట్టి లోడ్ ఔట్, అంటే అన్నీ విప్పి లారీలకెక్కించడం, పదిన్నరకు మొదలవుతుంది, తెల్లారేలోపు లారీలు బయట పడాలి కాబట్టి అదీ పరుగే. ఇవన్నీ మీ చేతుల్లో లేవని తెలుసు. కానీ గురువారం రాత్రి సామాను దింపి కట్టే లోడ్ ఇన్‌కు వచ్చిన మనిషే శనివారం రాత్రి లోడ్ ఔట్ కూడా చేసి ఆదివారం ఉదయం ఆరింటికి ఇంటికి పోయే పరిస్థితి రాకుండా చూడటం మీ చేతుల్లో ఉంది. మధ్యలో వాడు పడుకున్నది కేబుల్ ట్రంకుల మీద, స్టేజి కింద, దోమల్లో, రెండు కునుకులు.

ఒక రాత్రి మూడింటికి నేనే బిగించిన షాకిల్ గురించి చెబుతాను. షాకిల్ అంటే అరచేతిలో పట్టేంత ఇనుప కొండీ, గుర్రపు నాడా ఆకారంలో, నోటికి అడ్డంగా ఒక పిన్ను. ఆ పిన్ను పూర్తిగా లోపలికి తిరిగి కూర్చోవాలి, ఆ తర్వాత అదురుకు ఊడిపోకుండా కేబుల్ టై వేయాలి. స్పీకర్ల గుత్తి ఒక్కో వైపు టన్నుకు అటూ ఇటూగా ఉంటుంది, ఆ బరువంతా ఆ పిన్ను మీదే. తెల్లవారాక అలవాటు కొద్దీ మళ్ళీ ఎక్కి చూస్తే, నేను పెట్టిన పిన్ను మూడే మూడు మరలు తిరిగి ఆగి ఉంది. కేబుల్ టై మాత్రం చక్కగా వేసి ఉంది. నేను వేసినట్టే గుర్తులేదు. వేళ్ళతో తిప్పితే తిరిగింది. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రోజు నుంచి ఏది కట్టినా ఇంకొకడి చేత చూపించందే ‘అప్’ అని, అంటే పైకి లేపమని, అనను. నేను తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, తాగే అలవాటు లేదు, కళ్ళు బాగున్నాయి. నిద్ర లేని మనిషి, అంతే.

ఇంకొకటి, చివరి నిమిషంలో పెరిగే బరువులు. ‘ఓ ఎనిమిది మూవింగ్ హెడ్లే కదా, ఫ్రంట్ ట్రస్‌లో వేసేయండి’ అంటారు. మూవింగ్ హెడ్లంటే అటూ ఇటూ తిరిగే లైట్లు. ఒక్కోటి 35 కిలోలు వేసుకున్నా 280 కిలోలు, క్లాంపులు, కేబుళ్ళు కలిపితే 300 దాటుతుంది. నలుగురు మనుషుల్ని అదనంగా ట్రస్ మీద కూర్చోబెట్టినట్టు. పైన ఎత్తు చాలక స్లింగులు, అంటే బరువును వేలాడదీసే పట్టీలు, వెడల్పుగా విప్పి కడితే ఇంకా ప్రమాదం. రెండు స్లింగుల మధ్య కోణం 120 డిగ్రీలకు చేరితే బరువు ఇద్దరూ సగం సగం పంచుకోవడం ఉండదు, ఒక్కో స్లింగూ మొత్తం బరువు మోసినట్టే అవుతుంది. ఈ లెక్క మా సీనియర్ నాకు నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు మీ ఆఫీసుల్లో ఎంతోమంది ఉన్నారు, వాళ్ళకు ఇది పెద్ద విషయమేం కాదు. ఆ లెక్క వేసిన కాగితం మాత్రం షో రోజు గ్రౌండ్‌లో ఎవరి చేతిలోనూ ఉండదు.

సరే, ఏం కావాలో సూటిగా అడుగుతాను.

ఎవరు ఎప్పుడు ఏ పనికి రావాలో రాసే కాల్ షీట్‌లో ఒక్క లైను రాయండి. హెడ్ రిగ్గర్ గానీ, పైనున్న మనిషి గానీ ‘ఆపు’ అంటే పని ఆగుతుంది, మళ్ళీ మొదలుపెట్టమని చెప్పేది హెడ్ రిగ్గరే. ఆర్టిస్ట్ దారిలో ఉన్నా, స్పాన్సర్ కుర్చీలో ఉన్నా, టీవీ లైవ్ ఉన్నా. అలా ఆపినందుకు ఆ రోజు కూలి తగ్గదు, తర్వాతి కాల్ ఆగదు అని కూడా ఆ లైను కిందే రాయండి. నోటి మాటగా చెబితే చాలదు, నోటి మాటలు లోడ్ ఔట్ అయ్యాక ఎవరికీ గుర్తుండవు.

గాలి కొలిచే మీటర్ కప్పు పైన పెట్టండి. కింద, స్టేజికి ఎదురుగా సౌండ్, లైట్లు నడిపే టెంట్ దగ్గర పెడితే అది కింది గాలే చెబుతుంది. ఎంత వేగానికి గుడ్డ తెరలు విప్పాలి, ఎంతకు వాల్ దింపాలి, ఎంతకు జనాన్ని ముందు నుంచి ఖాళీ చేయించాలి అనే అంకెలు ఆ స్ట్రక్చర్ కట్టిన ఇంజనీర్ చేత ముందే రాయించి అందరి వాకీల వెనక అంటించండి. అప్పుడు గాలి వచ్చినప్పుడు వాదన ఉండదు, అంకె చూసి పని చేస్తాం. మీ మీద కూడా భారం తగ్గుతుంది. ఆ రోజు నాకు ‘పది నిమిషాలు’ అన్న మేనేజర్ చెడ్డవాడు కాదు. ఆ తర్వాత ఆస్పత్రికి వచ్చి తమ్ముడి మంచం పక్కన ఒక్క మాట లేకుండా అరగంట కూర్చుని వెళ్ళాడు. ఆయన మీద కూడా ఎవరిదో ఒత్తిడి ఉంది. ఆయన చేతిలో కూడా ఆ అంకె లేదు.

బూమ్ లిఫ్ట్, రెస్క్యూ కిట్, అది వాడటం నేర్చిన ఇద్దరు మనుషులు పైన ఆఖరి మనిషి దిగేదాకా గ్రౌండ్‌లోనే ఉండాలి. లోడ్ ఔట్‌కు వేరే బ్యాచ్ పెట్టండి, లేదా ఉన్నవాళ్ళకే షో ముందు ఎనిమిది గంటలు పడుకునే చోటు ఇవ్వండి, ఫ్యాను ఉంటే చాలు. భవనాలు కట్టే మేస్త్రీకి, సెంట్రింగ్ పనివాడికి 1996 చట్టంతో మొదలైన లేబర్ కార్డు ఉంటుంది. మూడు రోజుల కోసం 40 అడుగుల టవర్ నిలబెట్టే మా కుర్రాళ్ళెవరి జేబులోనూ నేనిప్పటిదాకా అది చూడలేదు. ప్రభుత్వం ఇచ్చేదాకా కనీసం షో ఇన్సూరెన్స్‌లో పేర్లతో సహా మమ్మల్ని చేర్చండి. తమ్ముడి ఆపరేషన్‌కు మేం ఏడుగురం కలిసి మా కూలి డబ్బులు వేసుకున్నాం, సగం తర్వాత మీరు ఇచ్చారు. ఇవ్వలేదని అనను. అడిగి తీసుకోవాల్సి వచ్చింది, అది బాధ.

ఇంకో చిన్న విషయం, కానీ నాకు ముఖ్యం. మన గ్రౌండుల్లో తెలుగు, కన్నడ, తమిళం, హిందీ, బెంగాలీ, ఒడియా అన్నీ వినిపిస్తాయి. నేను ‘ఆపు’ అని అరిస్తే మోటార్ కంట్రోలర్ దగ్గరున్న బెంగాలీ కుర్రాడికి అర్థం కావాలి కదా. వాడు హిందీలో ‘రోకో’ అంటాడు, ఇంకొకడు కన్నడలో ‘నిల్లిసి’ అంటాడు, తమిళం అన్న ‘నిరుత్తు’ అంటాడు. అందరికీ కలిపి ఒక్క మాట, ఒక్క చేతి సైగ పెట్టుకుని, లోడ్ ఇన్ మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు అందర్నీ నిలబెట్టి చెప్పండి. నా కుర్రాళ్ళతో నేను ఇప్పటికే చేస్తున్నాను. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితే ఆగిపోవాలి. ఎందుకని తర్వాత అడగొచ్చు.

2003లో రోలింగ్ స్టోన్స్ బ్యాండు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చిన నాటి నుంచి ఈ ఊరికి పెద్ద షోల పేరుంది. 2007లో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబర్ 30న మెటాలికా అక్కడే వాయించారు, 2025 ఫిబ్రవరిలో ఎడ్ షీరన్ నైస్ గ్రౌండ్‌లో వరసగా రెండు రోజులు పాడారు. ఇంకా పెద్దవి వస్తాయి, ఇంకా బరువులు పెరుగుతాయి, రావాలి కూడా, మా పొట్టలు నిండేది వాటితోనే. విదేశీ బృందాలతో పనిచేసిన సీనియర్లు ఒకటే మాట చెబుతారు. వాళ్ళ రిగ్గర్ ఒకసారి తల అడ్డంగా ఊపితే షో డైరెక్టర్ కూడా వెనక్కి తగ్గుతాడట. అదే గౌరవం మన ఊరి షోల్లో, మన మనుషులకు కూడా ఇవ్వమంటున్నాను.

నవంబర్ నుంచి సీజన్ మొదలవుతుంది. మీ మొదటి ప్రొడక్షన్ మీటింగ్‌కు హెడ్ రిగ్గర్‌ను కూడా పిలవండి. మూల కుర్చీ ఇచ్చినా పర్వాలేదు, వస్తాం.

తమ్ముడు ఇప్పుడు కదిరిలో ఉన్నాడు. ఎడమ చెయ్యి భుజం దాకా లేస్తుంది, అక్కడి నుంచి పైకి లేవదు. పైకెక్కే పని ఇక చేయలేడు, మోటార్ కంట్రోలర్ దగ్గర నిలబడే పనైతే చేయగలడు, వాడికి ఆ పని బాగా తెలుసు. పోయిన వారం ఫోన్ చేసి, ‘అన్నా, సీజన్‌కి నన్నూ రమ్మంటావా?’ అని అడిగాడు. కాల్ షీట్ వచ్చాక చెబుతాను అన్నాను.

ఇట్లు,
ఒక రిగ్గర్,
యశ్వంత్‌పూర్, బెంగళూరు